గోడ అవతలి నీళ్లు

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకరినొకరు విడిచి ఉండలేక పక్కపక్కనే ఇళ్లు కట్టించుకున్నారు. మధ్యలో నడుమెత్తు గోడ. అక్క భర్త పెద్దల్లుడు పళ్ల డాక్టరు, చెల్లెలి భర్త చిన్నల్లుడిది కళ్లజోళ్ల దుకాణం. పెద్దల్లుడు పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టించిన మరుసటి ఎండాకాలానికల్లా చిన్నల్లుడి పెరట్లోనూ ఒకటి వెలిసింది. అడుగున పరిచిన నీలం పలకలు సైతం అవే.

నీళ్లు మాత్రం అవే కాలేదు.

చిన్నల్లుడు రోజూ పొద్దున్నే క్లోరిన్ పోసి దుకాణానికి వెళ్లేవాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చి చిన్న గాజుగొట్టంలో నీళ్లు పట్టి క్లోరిన్ పరీక్ష చుక్కలు వేస్తే పసుపు రంగే తేలేది కాదు. పోసిందంతా ఎండ తాగేసేది. సాయంత్రం మళ్లీ పోసేవాడు. ఒకరోజు ముక్కు పగిలే ఘాటు, మరునాడు పూల్ గోడలకు జిగురు. గోడ అవతల మాత్రం నీళ్లు అద్దంలా ఉండేవి. అడుగున పడిన కాసు మీది అక్షరాలు కూడా చదవొచ్చు.

"పళ్లు పీకేవాడికి అంత అదృష్టమేమిటే?" అన్నాడొకసారి భార్యతో.

"అడిగితే చెప్తాడుగా బావ. నోటి ముత్యాలేమీ రాలిపోవు."

అతను అడగలేదు.

ఒక ఆదివారం సాయంత్రం గోడ అవతల కేరింతలు వినిపించి తొంగిచూశాడు. తన కూతురు చిట్టి నీళ్ల మీద వెల్లకిలా తేలుతోంది. పెద్దల్లుడు దాని వీపు కింద అరచెయ్యి పెట్టి, మెల్లగా తీసేశాడు. పిల్ల మునగలేదు.

"పెదనాన్నా! వదిలేశావా? నిజంగానే వదిలేశావా?"

చిన్నల్లుడికి గుండెల్లో కలుక్కుమంది. తను మూడు వారాలుగా నేర్పుతానంటే రాని పిల్ల అది.

రాత్రి భోజనాల దగ్గర, "ఇక నుంచి మన పూల్‌లోనే ఈదాలి," అన్నాడు.

"మన దాంట్లో కళ్లు మండుతాయి నాన్నా."

"మండితే మండనీ. పరాయి ఇంటికి పోవద్దు."

"పరాయి ఇల్లా?" అంది భార్య. మర్నాటి నుంచి చిట్టి పక్కింటికి వెళ్లడం మానేసింది. అసలు ఈదడమే మానేసింది.

కొన్నాళ్లకు పక్కింటి గోడవార ఒక ఖాళీ సంచి కనిపించింది. దాని మీద 'స్టెబిలైజర్' అని ఉంది. క్లోరిన్ అమ్మే దుకాణంలో వాకబు చేస్తే, ఎండకు క్లోరిన్ ఆవిరి కాకుండా గొడుగు పట్టే మందు అది అన్నారు. చిన్నల్లుడి ముఖం వెలిగిపోయింది. ఆయన ఒక సంచి పోస్తే మనం రెండు పోద్దాం అనుకున్నాడు. మనసాగక మూడోదీ విప్పాడు.

మరునాడు మధ్యాహ్నం గాజుగొట్టంలో చిక్కటి పసుపు తేలింది. వారమంతా క్లోరిన్ చెక్కుచెదరలేదు. పెద్దల్లుడికి కనబడేలా గొట్టాన్ని గోడ మీదే ఆరబెట్టాడు కూడా. ఆ తర్వాత నీళ్లు మసకబారాయి. రెండు రోజుల్లో పచ్చబడ్డాయి. క్లోరిన్ నిండుగానే ఉంది, నాచూ నిండుగానే ఉంది. అతనికి తల తిరిగింది.

భార్యే గోడ దగ్గరికెళ్లి పిలిచింది. "బావా, ఒక్కసారి ఇటు రావా?"

చిన్నల్లుడికి నేల చీలితే అందులోకి దిగిపోదామనిపించింది. పెద్దల్లుడు వచ్చాడు, నీళ్లు చూశాడు, మూలనున్న మూడు సంచులూ చూశాడు. నవ్వలేదు.

"గొడుగు మరీ పెద్దదైపోయింది తమ్ముడూ. క్లోరిన్ దాని కిందే కూర్చుంది, పనికి లేవట్లేదు. సగం పైగా నీళ్లు తోడేసి కొత్తవి పట్టడమే."

"నువ్వెలా కనిపెట్టావన్నయ్యా?"

"నేనూ మొదట్లో ఇలాగే పోశాను. నువ్వప్పుడు ఊళ్లో లేవు. ఉండి చూసుంటే ఎంత సంతోషించేవాడివో!"

అంత తెలిసిపోయిందా అని చిన్నల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. ఇద్దరూ మోటారు దింపి నీళ్లు తోడారు, అంచులు గీకి కడిగారు. కొత్త నీళ్లు నిండాక పెద్దల్లుడు పొద్దువాలిన తర్వాతే క్లోరిన్ వేయించాడు. మరునాడు మధ్యాహ్నం పరీక్షిస్తే రంగు లేతగా, ఉండాల్సినంతే ఉంది. ఆ మర్నాడూ అంతే.

ఆ సాయంత్రం చిట్టి తనంతట తనే దిగింది. పెదనాన్న నేర్పినట్టే వెల్లకిలా తేలి, కాళ్లాడిస్తూ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఈది, గట్టు పట్టుకుని తల ఎత్తింది. కళ్లు ఎర్రబడలేదు. ఆయాసపడుతూ గోడ వైపు తిరిగి అరిచింది.

"పెదనాన్నా! చూశావా?"

గట్టు మీద తువ్వాలుతో నిలబడ్డ చిన్నల్లుడికి మళ్లీ గుండెల్లో అక్కడే, అంతే లోతుగా గుచ్చుకుంది. నీళ్లు నావి, పిల్ల నాది అనుకున్నాడు. గోడ అవతల అలికిడి లేదు. చిట్టి ముఖం చిన్నబోయింది.

అతను గోడ దగ్గరికి నడిచి గొంతెత్తి పిలిచాడు.

"అన్నయ్యా! త్వరగా రా. నీ శిష్యురాలు పిలుస్తోంది!"