చిలకపచ్చ చీరావిడ ఎవరి తాలూకు

పడమటి గోడ ఇవాళ ఆలస్యంగా వస్తుంది. పరంజ్యోతి లేచి మొహం కడుక్కుని, టీ కాచుకుని, గ్లాసు పట్టుకుని కుర్చీలో కూర్చునేటప్పటికి గదికి మూడు గోడలే ఉన్నాయి. ఆమె టీ సగం తాగాక నాలుగోది, ముందు చిన్న చిన్న గళ్ళుగా, తర్వాత మేకుగా, ఆఖరికి మేకుకి వేలాడే కేలండరుగా వచ్చి నిలబడుతుంది. మళ్ళీ అంతలోనే పోతుంది. గోడలకి చెవులుంటాయంటారు గానీ ఈ గోడకి ఉన్నదల్లా బద్ధకమే.

ఆమె గోడని తిట్టదు. కంప్యూటరులో బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు మొరాయిస్తే గళ్ళు ముందు తెర మీద పడతాయి, తర్వాత ఇంట్లో పడతాయి. ఆ మాత్రం ఈ పనిలో ఉన్నవాళ్ళెవరికైనా తెలుసు.

పరంజ్యోతి పని పెళ్ళి ఆల్బమ్‌లు తయారు చెయ్యడం. గుడివాడలో ఒక మందుల షాపు పైన గది అద్దెకి తీసుకుని, స్టూడియోల వాళ్ళు పంపిన ఫొటోలు పేజీల్లో పేరుస్తూ ఉంటుంది. ఏ పెళ్ళికూతురు అప్పగింతల్లో నిజంగా ఏడ్చిందో, ఏ పెళ్ళికొడుకు కాళ్ళు కడిగించుకుంటూ ఫోను చూసుకున్నాడో అన్నీ ఆమెకి తెలుసు. శుభలేఖ మాత్రం ఒక్కటీ రాదు. పందిరి విప్పి, వంటవాళ్ళు గుండిగలు తోముకుని వెళ్ళిపోయాక పెళ్ళికి చేరే మనిషి ఆమె.

కంప్యూటరు ఆన్ చేస్తుంది. తెరంతా పచ్చటి గళ్ళు. వాటి వెనక నిన్నటి పెళ్ళి ఫొటో, అందరూ కుర్చీల్లో కూర్చున్నది. మూడో వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది.

“అమ్మాయ్, ఇక్కడ ఫ్యాను తిరగదా?” అని వెనక నుంచి ఎవరో అడుగుతారు.

చిలకపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ మంచం మీద కూర్చుని కొంగుతో విసురుకుంటోంది. ఒళ్ళో తాంబూలం సంచి ఉంది. పరంజ్యోతి కంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది.

“తిరుగుద్దండీ. స్విచ్చి మీ వెనక గోడకుంది. గోడ రావాలి” అంటుంది పరంజ్యోతి.

“అట్టాగా. వస్తుందిలే, తొందరేముంది” అని ఆవిడ సర్దుకుని కూర్చుంటుంది.

ఫోను మోగుతుంది. స్టూడియో భుజంగరావు. “ఏవండీ, మూడో వరసలో చిలకపచ్చ చీరావిడ ఉంటది, ఆవిణ్ణి తీసెయ్యండి. ఆడపెళ్ళివాళ్ళేమో మగపెళ్ళివాళ్ళ తాలూకనుకున్నారంట. వాళ్ళేమో వీళ్ళ తాలూకనుకున్నారంట. తీరా అడిగితే ఇద్దరూ మాకు తెలీదంటున్నారు. సాయంత్రం ప్రింటుకి పంపాలి, మర్చిపోకండి.”

ప్రతి పెళ్ళిలోనూ ఇలాంటివాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు. రెండు వైపులవాళ్ళూ నవ్వుతూ పలకరిస్తారు, రెండు వైపులవాళ్ళూ కొసరి వడ్డిస్తారు, ఆల్బమ్ చూసేటప్పుడు మాత్రం ‘ఎవరీవిడ?’ అంటారు. పరంజ్యోతి వాళ్ళని తీసేసి ఆ చోట ఒక పూలకుండీ పెడుతుంది. వాళ్ళలో ఎవరూ ఇలా వచ్చి ఫ్యాను గురించి అడగలేదు.

ఫోనులో మాటలన్నీ ఆవిడకి వినపడ్డాయి.

“తీసేస్తే మీరెక్కడికి వెళ్తారండీ?” పరంజ్యోతి అడుగుతుంది.

“ఎక్కడికీ వెళ్ళం. తీసెయ్యడమంటే అదేగా.”

తీసెయ్యాలో వద్దో పరంజ్యోతికి తోచదు. పెళ్ళివాళ్ళ ఫొటో, పెళ్ళివాళ్ళ ఇష్టం. మధ్యలో తనెవరు? తోచనప్పుడు మనిషి చేసే పనే చేస్తుంది. అన్నం వండుతుంది.

ఇంట్లో ఉన్నది ఒకటే కంచం. అది ఆవిడకి పెట్టి తను గిన్నె మూతలో పెట్టుకుంటుంది. ఆవిడ ముద్ద కలుపుతుండగా చెయ్యి గళ్ళుగళ్ళుగా విడిపోతుంది. చెయ్యి మళ్ళీ కుదురుకునే దాకా ఇద్దరూ ఆగుతారు. “టమాటా పప్పులో కాస్త ఇంగువ పడాలి వదినా” అంటుంది ఆవిడ. తనని ఎవరైనా వదినా అని పిలిచి ఎన్నాళ్ళయిందో పరంజ్యోతికి గుర్తు రాదు. ఆమెకి సంతోషంగా ఉంటుంది. ఆ వెనకే భయంగానూ ఉంటుంది, ఎందుకంటే ఇప్పుడు దక్షిణపు గోడ కూడా కనిపించడం లేదు, ఆవిడ పాదాలూ కనిపించడం లేదు. కార్డు బాగుచేయించకపోతే మిగతాది కూడా పోతుంది.

మెకానిక్కు సుభానీని పిలుస్తుంది. అతను సంచి భుజాన వేసుకుని, లేని గోడలోంచి కాకుండా మర్యాదగా తలుపులోంచే వస్తాడు.

“ముందు కేబుల్ చూద్దామక్కా. చాలామంది కార్డునంటారు, తీరా చూస్తే కేబులే” అని మానిటరు కేబుల్ మారుస్తాడు. ఆవిడ పాదాలు వస్తాయి గానీ కుడిది ఎడమవైపు, ఎడమది కుడివైపు. “కేబుల్ కాదు” అని పాతదే పెట్టేస్తాడు.

కంప్యూటరు ఆపి, పెట్టె పక్క రేకు విప్పుతాడు. లోపల రెండు ఫ్యాన్ల కార్డు నల్లగా, దుమ్ము కొట్టుకుని ఉంది. “దీన్ని తీసేసి ఆన్‌బోర్డు మీద చూద్దాం. మదర్‌బోర్డు సొంతంగా ఎంత గీయగలదో తెలుస్తుంది.” కార్డు ఊడదీసి, కేబుల్ వెనక ఇంకో చోట గుచ్చి ఆన్ చేస్తాడు.

నాలుగు గోడలూ చప్పున వస్తాయి. గది మామూలుగా ఉంది. మామూలంటే ఒక కుర్చీ, ఒక మంచం, ఒక కంచం, పరంజ్యోతి. మంచం మీద ఎవరూ లేరు. దుప్పటి మీద మడతైనా పడలేదు.

సుభానీ చేతులు దులుపుకుంటాడు. “బ్రహ్మాండంగా ఉందక్కా. ఒక్క మనిషికైతే ఆన్‌బోర్డే చాలు. కార్డు దండగ.”

పరంజ్యోతికి కళ్ళనీళ్ళు తిరుగుతాయి. ఇన్నేళ్ళుగా ఈ గదిలోనే ఉంది, ఇంత ఖాళీగా ఉంటుందని ఇవాళే చూస్తోంది. “కార్డు పెట్టెయ్ సుభానీ” అంటుంది.

“పెడితే మళ్ళీ గళ్ళొస్తాయక్కా.”

“రానీ. పెట్టు.”

అతను జేబులోంచి స్కూలు పిల్లలు వాడే రబ్బరు తీసి, కార్డు అంచున ఉన్న బంగారు రంగు పళ్ళని రుద్దుతాడు. మకిలి వదిలితే కార్డు సరిగ్గా అంటుకుంటుంది. కింద రాలిన రబ్బరు పొట్టులో చిలకపచ్చ పోగులు కనిపిస్తాయి. కార్డుని మళ్ళీ గాడిలో పెట్టి నొక్కితే టిక్కుమంటుంది.

“అని నేనంటూనే ఉన్నాను, ఈలోపే పోయాను. ఏవంటున్నాను వదినా?” మంచం మీద ఆవిడ అడుగుతుంది. మాట స్పష్టంగా ఉంది గానీ మోచేతులు లేవు.

“ఇంగువ గురించి” అంటుంది పరంజ్యోతి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

సుభానీ నేల మీద బోర్లా పడుకుని పెట్టెలోకి చూస్తాడు. “దొరికిందక్కా! కార్డు పాడవలేదు, వంగింది. ఆ చివర బరువుకి కిందికి జారి, ఈ చివర గాడిలోంచి లేస్తోంది. కింద ఊతం పెట్టాలి.”

“ఇన్నాళ్ళూ వంగనిది ఇవాళెందుకు వంగింది?”

“ఇన్నాళ్ళూ ఒక్కరినే గీసేది. ఇద్దరంటే బరువే కదా.”

ఊతానికి అగ్గిపెట్టె పెడితే పొట్టిదవుతుంది, పెన్సిలు పొడుగవుతుంది. ఆవిడ తాంబూలం సంచి వెతికి ఒక పసుపుకొమ్ము తీసి ఇస్తుంది. అది కొలిచి కోసినట్టు సరిపోతుంది. కార్డు నిటారుగా నిలబడుతుంది, తెర మీద గళ్ళు పోతాయి. పడమటి గోడ పరంజ్యోతి చూడకముందే వచ్చి ఉంటుంది.

“ఇంక ఎక్కడివాళ్ళు అక్కడికి వెళ్ళాలక్కా. అదే బాగవడమంటే” అంటాడు సుభానీ.

ఆవిడ లేచి కుచ్చిళ్ళు సవరించుకుంటుంది. వచ్చిన చుట్టం వెళ్ళక తప్పదని పరంజ్యోతికీ తెలుసు. అయినా ‘ఉండండి’ అనాలనిపిస్తుంది.

“వదినా, చేతిరుమాలుందా?” ఆవిడ అడుగుతుంది.

పరంజ్యోతి తన రుమాలు ఇస్తుంది. ఆవిడ దాన్ని చేతిలో పట్టుకుని, పెట్టె దగ్గర వంగి, లోపలికి వెళ్ళిపోతుంది.

తెర మీద ఫొటో శుభ్రంగా ఉంది. మూడో వరసలో ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడ పక్కన పొద్దుటి దాకా లేని కుర్చీ ఒకటి. దాని మీద పరంజ్యోతి చేతిరుమాలు పరిచి ఉంది. బస్సు కిటికీలోంచి రుమాలు వేస్తే ఆ సీటు జోలికి ఎవరూ పోరు. దెబ్బలాడుకునేవాళ్ళు కూడా రుమాలుకి మర్యాద ఇస్తారు.

ఫోను మోగుతుంది. “తీసేశారా అండీ?” భుజంగరావు.

“తియ్యక్కర్లేదండీ. ఆవిడ మా వదిన. నా తాలూకు.”

“ఓహో, అట్టాగా. ముందే చెప్పొచ్చుగా. మరి ఆ పెళ్ళికి మీరెవరి తాలూకండీ?”

పరంజ్యోతి కుర్చీ మీద రుమాలు వైపు చూస్తుంది. “నేను ఆవిడ తాలూకు.”

“సరే అయితే” అంటాడు భుజంగరావు. వరస కుదిరాక అతనికి పేచీ లేదు.

పరంజ్యోతి దీపం ఆర్పదు. గది తాళంచెవి సుభానీ చేతిలో పెట్టి, చెప్పులు కంప్యూటరు పక్కన విడుస్తుంది. “కాస్త చూస్తుండు” అంటే, “ఊతం కదపకండక్కా” అంటాడు అతను. ఆమె కూడా వంగి పెట్టెలోకి వెళ్తుంది. లోపల రెండు ఫ్యాన్లూ కల్యాణమండపంలో నిలువెత్తు ఫ్యాన్లంత ఉండి, పన్నీరు తుంపర కొడుతూ తిరుగుతున్నాయి. పందిరికి నడిమి రాటగా పసుపుకొమ్ము నిలబడి ఉంది. ఆమె దాన్ని తగలకుండా చుట్టి వెళ్ళి, మూడో వరస చేరుకుని, రుమాలు తీసి కూర్చుంటుంది.

“ఆలస్యమైందేం?” అంటుంది ఆవిడ, ఆమె చెయ్యి పట్టుకుని.

“చెప్పులు విప్పొచ్చేసరికి” అంటుంది పరంజ్యోతి.

ఫొటో తీసేవాడు అందర్నీ కదలొద్దంటాడు. అప్పుడు పడమటి గోడ ఆయాసపడుతూ మండపంలోకి వస్తుంది. మేకుకి వేలాడే కేలండరుని ఒక పక్కకి సర్దుకుని, పక్కవాళ్ళ కాళ్ళు తొక్కకుండా జరుగుతూ, నాలుగో వరసలో చోటు చూసుకుని కూర్చుంటుంది. పన్నీరు బుడ్డి పట్టుకున్న పెద్దాయన దాన్ని ఎగాదిగా చూసి, “తమరెవరి తాలూకండీ?” అని అడుగుతాడు.

గోడకి ఏం చెప్పాలో తెలీదు. సున్నం రాలుతుంది.

“మా తాలూకేనండీ” అంటుంది పరంజ్యోతి, వెనక్కి తిరక్కుండానే. పెద్దాయన గోడ మీద పన్నీరు చల్లి ముందుకి వెళ్తాడు.