కూలి పార్టీ రేకు

పుట్టుకకి నేను జీడిపప్పు డబ్బాని. పలాస పక్క ఒక బట్టీలో తెల్లటి గుండు పప్పు నింపుకుని దేశం తిరగాల్సిన దాన్ని. మూల సొట్టపోయిందని పక్కన పడేశారు. ఆ సొట్టకి దండం! లేకపోతే ఏ మిఠాయి కొట్టు వెనకో తుప్పు పట్టేదాన్ని, ఒక పార్టీకి నోరయ్యేదాన్ని కాదు.

ఆ బట్టీలోనే ఆదిలమ్మ ఇరవై ఏళ్లు జీడిగింజలు కొట్టింది. బూడిద ఎంత రాసుకున్నా జీడినూనె ఊరుకుంటుందా? వేళ్ల మీది గీతలన్నీ తినేసింది. ఆ వేలు రేషన్ మిషను మీద పెడితే మనిషే లేదంటుంది మిషను. "ముద్ర పడ్నేదు, రేపు రా" అంటాడు డీలరు. అలా మూడు నెలలు "రేపు" తిని బతికింది.

నాలుగో నెల కొట్టు ముందే బైఠాయించింది. "ఇరవయ్యేళ్లు నా ఏళ్లు తిన్నారు. ఇప్పుడు ఏళ్లు నేవు, కూడు నేదంతారేటి?" అంది. వెనక నలభైమంది ఆడవాళ్లు కూచున్నారు. అందరివీ నున్నటి వేళ్లే. మీ పెద్ద పార్టీలు ఎక్కడ పుడతాయో నాకు తెలీదు గానీ, మాది ఆ కొట్టు మెట్టు మీదే పుట్టింది. మాటకారి కదా అని బట్టీ గుమస్తా వల్లభాన్ని అధ్యక్షుణ్ణి చేశారు.

గోడల మీద రాతలు రాసే గురువులు అనే అతను, ఆదిలమ్మ బట్టీ నుంచి తెచ్చిచ్చిన నన్ను చీరి, చదును చేసి, ఉలి పట్టుకుని ఆగిపోయాడు.

"వొదినా, 'కూలి పార్టీ' అని కొయ్యమంతావు. కూలిపోనాదని నవ్వరేటి?"

"మనం కూలోలం కామేటి? కొయ్యి మరిదీ."

కోశాడు. అక్షరాల కడుపులు ఊడిపోకుండా మధ్యలో సన్నటి పట్టీలు వదిలాడు. పని తెలిసినవాడు. నన్ను గోడకి ఆనించి రంగు కొడితే చాలు, "కూలి పార్టీ" అచ్చు పడిపోయేది. వేలిముద్ర పడని వాళ్లందరికీ నేనే ముద్రనయ్యాను. ఒక రేకు ముక్కకి అంతకంటే ఏం కావాలి?

గురువులు భయపడ్డట్టే అయింది. వారం తిరక్కుండా అవతలివాళ్లు తారు తెచ్చి ప్రతి గోడ మీదా ఒక్క అక్షరం ఇరికించారు: "కూలిన పార్టీ". ఊరంతా నవ్వింది. వల్లభం పేరు మారుద్దామన్నాడు. గురువులు సున్నం బక్కెట్టు తెచ్చాడు.

"సున్నమెందుకు, ఆళ్లే సగం రాసి పెట్టినారు. మిగతాది నువ్వు రాసీ" అంది ఆదిలమ్మ.

మర్నాటికి ప్రతి గోడా "కూలినోళ్ల పార్టీ" అంది. నవ్విన ఊరే మునిసిపల్ ఎన్నికల్లో రెండు వార్డులు గెలిపించింది, ఆదిలమ్మనీ వల్లభాన్నీ. చైర్మన్ కుర్చీకి పెద్ద పార్టీవాళ్లకి సరిగ్గా రెండు ఓట్లు తక్కువయ్యాయి. వాళ్లు కారేసుకుని ఆదిలమ్మ గుమ్మంలోకి వచ్చారు. కాంట్రాక్టు అడుగుతుందనుకున్నారు. ముద్ర పడనివాళ్లకి సంతకం మీద బియ్యం ఇప్పించమంది. పై ఆఫీసుల చుట్టూ వాళ్లే తిరిగి ఆ ఉత్తర్వు తెచ్చారు. మా పార్టీ చేసింది అదొక్కటే. అది చాలు.

ఏడాది తిరిగేసరికి వల్లభం పెద్ద పార్టీ కండువా కప్పుకున్నాడు, ఊరి అభివృద్ధి కోసమట. అభివృద్ధికి మెడ మీద గుడ్డ కావాలని నాకు అప్పుడే తెలిసింది. తర్వాతి ఎన్నికల్లో ఆదిలమ్మ ఓడిపోయింది. తారు అక్షరం నిజమైంది, పార్టీ కూలింది.

గురువులు నన్ను పాత ఇనుములో వేయబోతే ఆదిలమ్మ లాక్కుంది. బియ్యం డ్రమ్ముకి మూత చేసింది. చిల్లుల మూత, పురుగులు దూరవూ? అందుకని నా అడుగున వల్లభం కొత్త కరపత్రం అంటించింది. ఇప్పుడు నా అక్షరాల సందుల్లోంచి అతని మొహం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది.

"సూడు మరిదీ, ఇన్నాళ్లకి మాట మీద నిలబడ్నాడు. మన బియ్యం కాపలా కాస్తన్నాడు" అంది. గురువులు పడీపడీ నవ్వాడు.

నెలనెలా వంకర సంతకం పెట్టి బియ్యం తెచ్చుకుంటుంది. రోజూ నన్నెత్తి గిద్దెడు తీసుకుంటుంది. మూసేటప్పుడు బియ్యప్పిండి అంటిన ఆ నున్నటి వేలు నా మీద తెల్లగా పడుతుంది. గీత ఒక్కటీ ఉండదు. ఎవరిదో నాకు తెలుసు. ఆమెని నేను ఒక్కసారీ రేపు రమ్మనలేదు.