కాపీ అక్కర్లేని ఒప్పందం

తబస్సుం రాసిన సాఫ్ట్‌వేర్ లైబ్రరీ ఉపగ్రహ చిత్రాలను అంకెల వరసలుగా మారుస్తుంది. హెప్సిబా రాసిన లైబ్రరీ ఆ అంకెలతో లెక్కలు కడుతుంది. రెండింటినీ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. చిక్కల్లా ఒకదాని పద్ధతి మరొకదానికి తెలియకపోవడమే. రెండూ వాడేవాళ్లు అదే డేటాను మళ్లీ కాపీ చేయాల్సి వచ్చేది. పాత కంప్యూటర్లు ఆ బరువుకి చతికిలబడేవి.

మైలవరంలో ఇంజినీరింగ్ చదివిననాటి స్నేహితురాళ్లు కాబట్టి, ఇద్దరూ కూర్చుని రెండు లైబ్రరీలనూ కలిపే ఒప్పందంలా ఒక ఉమ్మడి ఇంటర్‌ఫేస్ రాశారు. దాని ప్రకారం డేటాను కదిలించరు. అది మెమరీలో ఎక్కడుందో, ఎన్ని వరసలో, ఎలాంటి అంకెలో, పనయ్యాక దాన్ని ఎవరు ఖాళీ చేయాలో మాత్రం చెబుతారు. ఆ చివరి సంగతి మీదే నాలుగు నెలలు పోట్లాడుకున్నారు. ఏ లైబ్రరీ వచ్చినా చేర్చుకోవాలనీ, ఇద్దరూ ఒప్పుకోనిదే అక్షరం మార్చకూడదనీ ఆ ఒప్పందం మొదటి పేజీలోనే రాసుకున్నారు.

జూన్‌లో తబస్సుం తల్లి జైతూన్ బీకి గుండె ఆపరేషన్ అయింది.

"నువ్వు అమ్మ దగ్గరుండవే. ఇక్కడ నేను చూసుకుంటా" అంది హెప్సిబా.

తన తరఫున ఆమోదం తెలిపే అధికారం కూడా ఆమెకే అప్పగించి తబస్సుం ఆస్పత్రికి వెళ్లిపోయింది.

ఇరవై రోజులకి హనుమాన్ జంక్షన్ నుంచి పవన్‌కుమార్ ఫోన్ చేశాడు. ఉపగ్రహ చిత్రాలు చూసి రొయ్యల రైతులకు సలహాలిచ్చే మనిషి.

"మేడమ్, నిన్నట్నుంచీ మీ లైబ్రరీ పంపే డేటాని అవతల లెక్కల లైబ్రరీ తీసుకోవట్లేదండీ."

తబస్సుం ఆస్పత్రి వరండాలోనే ల్యాప్‌టాప్ తెరిచింది. ఇంటర్‌ఫేస్‌లో కొత్త నిబంధన కనిపించింది: హెప్సిబా ఈమధ్యే చేరిన కంపెనీ అనుమతి ఉన్న లైబ్రరీల డేటానే తీసుకోవాలి. కింద రెండు ఆమోదాలు. రెండోది తబస్సుం పేరు మీదే ఉంది. ఆమె దాన్ని మూడుసార్లు చదివింది.

మర్నాడు గవర్నర్‌పేటలోని ఆ కంపెనీ ఆఫీసుకి వెళ్లింది.

"అమ్మకెలా ఉందే?" అంటూ హెప్సిబా కుర్చీ లాగింది.

తబస్సుం కూర్చోలేదు. "నా పేరు పెట్టేశావు."

"కంపెనీవాళ్లు గడువు పెట్టారే. ఆస్పత్రిలో ఉన్నావు, నిన్నెందుకు కంగారు పెట్టడమని..."

"ఫోన్ చేస్తే వద్దంటానని తెలుసు. అందుకే చేయలేదు."

హెప్సిబా లాగిన కుర్చీని మళ్లీ బల్ల కిందికి తోసింది.

"అడిగుంటే పోట్లాడేదాన్ని. ఇంకో నాలుగు నెలలైనా పోట్లాడేదాన్ని. అమ్మ ఆపరేషన్ టైం చూసుకుని చేశావు చూడు, అది మింగుడుపడట్లేదే."

 

ఆ వారమే తబస్సుం తానిచ్చిన అధికారం వెనక్కి తీసుకుంది. పాత ఒప్పందాన్ని వేరే పేరుతో అందరూ వాడుకునేలా విడుదల చేసింది. మరో మూడు లైబ్రరీలవాళ్లు అందులో చేరారు. హెప్సిబా చేరలేదు. వాళ్లిద్దరి లైబ్రరీల మధ్య మళ్లీ కాపీలే మొదలయ్యాయి. పవన్‌కుమార్‌లాంటి వాళ్లకి ఆ అవస్థ కాస్తయినా తగ్గాలని తబస్సుం ఒక చిన్న ప్రోగ్రాం రాసిచ్చింది. కొత్త ఒప్పంద పత్రం మీద హెప్సిబా పేరు మాత్రం తీసేయలేదు. సగం రాసింది ఆమే మరి.

ఇంటికొచ్చాక జైతూన్ బీ రెండుసార్లు అడిగింది, "హెప్సిబా నన్ను చూడ్డానికి రాలేదేమే?" అని.

"ఊళ్లో లేదమ్మీ" అంది తబస్సుం, దిండు సర్దుతూ.