రాగితీగ పరీక్ష

చెక్కనీ ప్లాస్టిక్‌నీ కోసే లేజర్ మిషన్ ఇంటికొచ్చిన రోజు భర్త దాని పక్కన నిలబడి ఫోటో దిగాడు. భార్య దాంతోపాటు వచ్చిన పుస్తకం తీసుకుని గడప మీద కూర్చుంది. ఆమె చదువు ఎనిమిదో తరగతి మధ్యలో ఆగిపోయింది. అందుకే ఏ కాగితం చేతికొచ్చినా అట్ట నుంచి అట్ట దాకా చదువుతుంది, ఏ ముక్క వదిలేస్తే ఏ కొంప మునుగుతుందోనని. భర్త డిగ్రీ చదివాడు. బొమ్మలు చూసి పుస్తకం మూసేశాడు.

పదకొండో పేజీని ఆమె రెండుసార్లు చదివింది. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్‌ని ఈ మిషన్‌లో కోస్తే అది కాలి విషవాయువు వస్తుందట. యాక్రిలిక్ ప్లాస్టిక్ అయితే ఫరవాలేదట. మిషన్ పెట్టిన గదికీ, ఏడు నెలల పాప పడుకునే గదికీ మధ్య ఒకే గోడ. మొన్న చలికి పాప ఛాతీలో పిల్లికూతలు మొదలై మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి వచ్చారు. అప్పటి నుంచి ఆమె పాప ఊపిరి వినకుండా ఏ గదిలోంచీ ఏ గదిలోకీ వెళ్లదు.

"పొగ పోవడానికి కిటికీలోంచి గొట్టం పెట్టాను కదా" అన్నాడు భర్త.

"అదే కిటికీలోంచి గాలి లోపలికీ వస్తుంది కదండీ. ఎటు పోవాలో పొగకి ఎవరు చెప్తారు?"

భర్త మనసంతా మొదటి బేరం మీద ఉంది. వీధి చివరి పళ్ల డాక్టరు తన దగ్గరికొచ్చే పిల్లలకు పంచడానికి పన్ను ఆకారంలో తాళంచెవులకు తగిలించే బిళ్లలు రెండు వందలు కావాలన్నాడు. తెల్లటి షీటు కూడా తనే తెచ్చిచ్చాడు. "మా గోడలకి వేయగా మిగిలింది. యాక్రిలిక్కే. అనుమానమే లేదు" అని చెప్పి వెళ్లాడు.

అనుమానమే లేదన్న మాట వినగానే ఆమెకు అనుమానం పట్టుకుంది.

పరీక్ష ఎలా చేయాలో పుస్తకంలోనే ఉంది. శుభ్రమైన రాగితీగను మంటలో ఎర్రగా కాల్చాలి. వేడిగా ఉండగానే ప్లాస్టిక్‌కి తాకించి మళ్లీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే ఆ సరుకు మిషన్ దరిదాపులకు రాకూడదు. ఆమె పాత ఫ్యాను వైరు తీసుకుని, పైనున్న తొడుగును స్టౌ మీద కరిగించి లాగేసింది. శుభ్రమైన తీగ అన్నారు గనుక దాన్ని పాలసీసాలతో పాటు పది నిమిషాలు మరిగించింది. తర్వాత చిన్న స్టౌ పెరట్లో పెట్టుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని కూర్చుంది.

డాక్టరు షీటు ముక్కకు తాకించింది. ఆకుపచ్చ మంట. భర్త కొన్న యాక్రిలిక్. ఆకుపచ్చ. ప్లైవుడ్ చెక్క. ఆకుపచ్చ. అట్టపెట్టె, భర్త తోలు బెల్టు, అత్తగారి దువ్వెన. అన్నీ ఆకుపచ్చే.

ఆమె లోపలికి వచ్చి, అన్నీ విషమేనని చెప్పి మిషన్ ప్లగ్గు పీకేసింది.

"చెక్కలో కూడా విషముందా?" అన్నాడు భర్త.

"మంట అబద్ధం చెప్తుందాండీ?"

"అయితే చెట్టు మీద కేసు పెడదాం. నా బెల్టు మీద కూడా పెట్టు, ఎటూ బిగుసుకుపోయింది."

అత్తగారు పాపను ఒళ్లో వేసుకుని ఇదంతా వింటోంది. ఆవిడ ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో ఆయాగా చేసింది. దేనికీ కంగారు పడదు.

"అమ్మాయ్, ఏదీ తాకించకుండా ఆ తీగ ఒక్కటే కాల్చి చూశావా?"

"అదెందుకత్తయ్యా? మరిగించాను కదా."

"థర్మామీటరు విదిలించకుండా పెడితే మంచం కోడుకి కూడా జ్వరం ఉంటుంది."

కోడలు పెరట్లోకి వెళ్లి తీగను ఒంటరిగా మంటలో పెట్టింది. ఆకుపచ్చ. తీగకు అంటుకుపోయిన క్లోరిన్ ప్లాస్టిక్ తొడుగే ఇంతసేపూ మండుతోంది. పాలసీసాల మురికి పోగొట్టే నీళ్లు దాన్నేమీ చేయలేకపోయాయి. ఆమె తీగను గరుకు కాగితంతో గీకి, ఆకుపచ్చ పూర్తిగా పోయేదాకా కాల్చి, ముందు ఇంట్లోవాటితో మళ్లీ మొదలుపెట్టింది. చెక్క బాగుంది. అట్ట బాగుంది. యాక్రిలిక్ బాగుంది. దువ్వెన, బెల్టు కూడా నిర్దోషులుగా బయటపడ్డాయి.

"అదీ సంగతి" అన్నాడు భర్త ఒక్కొక్కటీ చూసి. అంతటితో లోపలికి పోయి ప్లగ్గు పెట్టి, డాక్టరు షీటును మిషన్‌లో పరిచాడు.

"దాన్ని మళ్లీ చూడలేదండీ."

"పొద్దుటి నుంచీ ఇంట్లో ఉన్నవన్నీ విషమే అన్నావు. అన్నీ బాగానే తేలాయి. ఇదీ అంతే."

"చిన్న ముక్క ఇవ్వండి చాలు."

"సాయంత్రానికి ఇస్తానని మాటిచ్చాను. నీ తీగ పరువు ఇప్పటికే పోయింది." అతని వేలు బొత్తాం మీదికి వెళ్లింది.

ఆమె అత్తగారి ఒళ్లోంచి పాపను తీసుకొచ్చి మిషన్ మూత మీద కూర్చోబెట్టి, పడిపోకుండా రెండు చేతులతో పట్టుకుంది. పాప తండ్రిని చూసి నవ్వి, మూత మీద రెండుసార్లు కొట్టింది.

భర్త వేలు తీసేశాడు. షీటు మూల విరిచి తనే పెరట్లోకి నడిచాడు. ముందు తీగ ఒక్కటే కాల్చాడు. రంగు లేదు. ముక్కకు తాకించి పెట్టాడు. మంట నిక్షేపంలా ఆకుపచ్చగా లేచింది. తీగను గీకి మళ్లీ చేశాడు. మూడోసారి కూడా చేశాడు. ఆ తర్వాత స్టౌ ఆర్పి, లేచొచ్చి డాక్టరుకు ఫోన్ చేశాడు.

"మీ షీటు పనికిరాదండీ. యాక్రిలిక్ కాదు."

"షాపువాడు ఒట్టేసి చెప్పాడయ్యా!"

"మా ఇంట్లో మంట వేరేలా చెప్పింది. చెక్కతో చేసిస్తాను."

"చెక్క పళ్లా? పసుపుపచ్చగా, అంచులు నల్లగా కాలి ఉంటాయి కదయ్యా. పుచ్చిపళ్లు పంచమంటావా?"

ఈ మాట పక్కనున్న అత్తగారికి వినబడింది. "తోముకోకపోతే ఇలా అవుతాయని చెప్పి పంచమను" అంది.

ఆ మాట విన్న డాక్టరు, అయితే మూడు వందలు చేయమన్నాడు.

సాయంత్రానికి ఇల్లంతా కాలిన చెక్క వాసన. ఆమె ఉయ్యాల దగ్గరికెళ్లి పాప ఛాతీకి చెవి ఆనించింది. పిల్లికూతల్లేవు. రెండోసారి విని లేవబోతూ, పాప కింద పరిచిన ప్లాస్టిక్ పరుపుగుడ్డ వైపు చూసింది. మూల నుంచి గోరంత కత్తిరించి పెరట్లోకి వెళ్లింది. ఆకుపచ్చ మంట.

"అత్తయ్యా!"

"దాన్ని మిషన్‌లో పెట్టకు" అంది అత్తగారు కళ్లు తెరవకుండానే. "పిల్ల కిందే పెట్టు."