బుగ్గలో అతిమధురం

మా ఆయన రంగస్వామి కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల వేలం నడుపుతాడు. ప్రతి కుప్ప దగ్గరా కేకేసి ధర పెంచాలి. ఆ గొంతే మాకు కూడు. నేను అదే యార్డులో గడ్డలు ఏరతాను.

మాత్రలు మింగుతున్నా ఆయనకు బీపీ దిగలేదు. పైగా కాళ్లు పట్టేసి మెట్టు ఎక్కలేకపోయేవాడు. తప్పంతా మిరపకాయ బజ్జీలదేనని నా నమ్మకం. కూరలో ఉప్పు మానేశాను. ఊరగాయ జాడీ అటకెక్కించాను. పొద్దున లేస్తే వీధంతా వినబడేలా నా తిట్లే.

“బజ్జీ ముట్టలేదే, మహానందీశ్వరుని మీద ఆన!”

“యాడ, నోరు తెరువు!”

తెరిచేవాడు. అతిమధురం పుల్ల తప్ప ఏమీ కనబడేది కాదు. గొంతు బొంగురుపోకుండా దాన్ని రోజంతా బుగ్గన పెట్టుకుని నములుతాడు.

రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ అడిగింది: “నాటుమందులేమైనా వాడుతున్నారా?”

“అయ్యో, మీ మాత్రలేనమ్మా,” అన్నాం ఇద్దరం.

“మరి ఆ బుగ్గలో ఏముంది?”

“ఇది మందు కాదమ్మా, గొంతుకు.”

ఆమె తల పట్టుకుంది. అతిమధురం రోజూ నమిలితే బీపీ పెరుగుతుందట. ఆయన మాత్రల్లో ఒకటి ఒంట్లో నీరు తీసేసేది. ఆ మాత్ర, ఈ పుల్ల కలిసి పొటాషియం లాగేస్తున్నాయట. కాళ్లు అందుకే పట్టేస్తున్నాయి, గుండెకూ ప్రమాదమే. మాత్రలు ఆపొద్దు, పుల్ల మానమంది.

“గొంతు పోతే బతికేదెట్లమ్మా?”

“గుండె ఆగితే కేకేసేదెవరు?”

చప్పిడి కూడు అన్నాళ్లు నోరెత్తకుండా తిన్నాడే అని నాకు ఏడుపొచ్చింది.

కొన్నాళ్లకు బీపీ దిగింది, కాళ్లు తేరుకున్నాయి. గొంతు మాత్రం పూడుకుపోయింది. ఒకరోజు యార్డులో కుప్ప ముందు నిలబడి నోరు తెరిస్తే గాలే వచ్చింది. వ్యాపారులు నవ్వారు.

“రేపట్నుంచి ఇంకొకన్ని చూసుకుంటాలే,” అన్నాడు మండీ యజమాని వీరభద్ర. మా ఆయన తల దించుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. చేతిలో గడ్డ పారేసి వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను.

“ఏమప్పా, నవ్వులాటగా ఉండాదా? గడ్డ చూడండి, ఎంత ఎర్రగా ఉండాదో! క్వింటాలు ఎనిమిది నూర్లు! తొమ్మిది ఎవురంటారు?”

యార్డు ఆ చివరి వాళ్లు కూడా ఇటు తిరిగారు.

“తొమ్మిది!” అన్నాడొకడు.

మా ఆయన వేలు చూపిస్తూ నడిచాడు, నేను అరుస్తూ నడిచాను. కుప్పలన్నీ అమ్ముడుపోయాయి. వీరభద్ర దగ్గరికొచ్చి, “రేపు ఇద్దరూ పెందలాడే రండి,” అని మాత్రం అన్నాడు.

ఇంటికొస్తుంటే మా ఆయన నా చెవి దగ్గర గుసగుసలాడాడు.

“ఇన్ని దినాలు నా మీదనేనా సాధకం చేస్తాంటివి?”