చెప్పుకోని పేరు

ద్రాక్షారామం గుడిలో, కింది అంతస్తున గర్భగుడి చుట్టూ తిరిగే చీకటి దారిలో, గోడ మీద చెయ్యి ఆనించి శేషారత్నం నడుస్తోంది, ఆమెకు రెండడుగుల ముందు మాణిక్యమ్మ నడుస్తోంది, మాణిక్యమ్మ పోయి ఏడాదిన్నర అయిందన్న సంగతి ఇద్దరికీ తెలుసు, అయినా అదేమంత పట్టించుకోవలసిన విషయంలా తోచడం లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒకే వంటింట్లో మసలిన తోడికోడళ్ళు కనుక, వెనకనుంచి ఆ కొప్పు చూస్తేనే రత్నానికి ప్రాణం లేచొచ్చింది. పెద్దావిడ చకచకా నడవడమే కాస్త వింతగా ఉంది.

మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయని అడిగితే, వెనక్కి తిరగకుండానే, "అవి తెనాల్లోనే వదిలేసి వచ్చానే," అంటోంది.

ప్రతి కార్తీకంలోనూ, ఒక్క రోజులో పంచారామాలు ఐదూ చూపించే బస్సులో వెళదామని ఇద్దరూ అనుకునేవారు. ఓ ఏడు ఎవరిదో పురుడు, ఓ ఏడు ఎవరిదో పెళ్ళి, ఆ తర్వాత ఈ మోకాళ్ళు. చివరికి ఈ ఏడు రత్నం ఒక్కతే బయల్దేరింది. తెల్లవారకుండా అమరావతి, ఆ పైన భీమవరం, పాలకొల్లు, మధ్యాహ్నం దాటాక ద్రాక్షారామం చూసుకుని, సామర్లకోట ఒక్కటే మిగిలిందనుకుంటూ బస్సెక్కి కిటికీకి తల ఆనించినట్టు కూడా గుర్తుంది, మరి మళ్ళీ ఈ చీకట్లోకి ఎప్పుడొచ్చిందో ఆమెకు తెలియడం లేదు, తెలుసుకోవాలనీ లేదు.

చేతి కింద చెమ్మగా ఉన్న రాతిగోడ నడుస్తూండగానే వంటింటి అలమర అవుతోంది, ఎక్కడో ఇంగువ పోపు వేగుతోంది, మలుపు తిరిగితే మెట్లు, గుడి మెట్లే అనుకుని ఎక్కితే అవి తమ డాబా మెట్లు, పైన పాత నూలుచీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టి ఉన్నాయి, వాటి మధ్యనుంచి, గుడి కింది అంతస్తులో మొదలైన రెండంతస్తుల లింగం, భీమేశ్వరుడు, నల్లగా, చల్లగా తల పైకి పెట్టి నిలబడి ఉన్నాడు. కాకుల్ని ఆయనే చూసుకుంటాడులెమ్మని మాణిక్యమ్మ వాటిని బెదరగొట్టే నల్లగొడుగు మూసేసి కూర్చుంది.

ఆ పక్కనే చతికిలబడి రత్నం తన మనసులో ఉన్నదంతా చెప్పేస్తోంది. అర్చనలో పూజారి గోత్రనామాలు అడిగితే, ఇంట్లో ఎప్పుడూ చెప్పే వరసలోనే, బావగారితో మొదలుపెట్టి, ఆ వెంటనే మాణిక్యమ్మ అనేసింది. నాలుగు గుళ్ళలోనూ అంతే. నాలుగో చోట పూజారి ఆ పేరు పైకి చదివాక గానీ చేసిన పని తెలిసిరాలేదు. బతికున్నవాళ్ళ వరసలో పోయిన మనిషిని నిలబెట్టిందని గుండెల్లో రాయి పడింది. పోయినవాళ్ళను అలా పిలిస్తే వెళ్ళలేక మధ్యలో ఆగిపోతారేమోనన్నది ఆమె భయం.

"నిన్ను ఇబ్బంది పెట్టానా అక్కా?"

మాణిక్యమ్మ వడియం ఒకటి తిప్పి చూస్తూ నవ్వుతోంది. ఆయుష్షు ఇవ్వమని అడిగావు సరే, ఇచ్చినా దాన్నెక్కడ పెట్టుకోను, ఆరోగ్యం మాత్రం ఇప్పుడు దివ్యంగా ఉందంటోంది. పైగా ఈ ఊళ్ళో అమ్మవారు మాణిక్యాంబే కనుక, మొగుడికి పెళ్ళాం పేరు గుర్తు చేస్తున్నావనుకుని ఉంటాడు పూజారి, అని వెక్కిరిస్తోంది. రత్నానికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపూ వచ్చింది.

"రేపట్నుంచి ఆ పేరు ఎట్లా మానేయను? మానేస్తే నువ్వు నిజంగానే పోయినట్టు కదా," అంటోంది.

"నా పేరు చెప్పడానికి మా వాడున్నాడే. మొన్న వైశాఖంలో సంవత్సరీకం పెట్టి మూడుసార్లు చెప్పాడు. నాకు లోటేం లేదు. సరే, ఆ తర్వాత ఎవరెవర్ని చెప్పావు?"

రత్నం వేళ్ళు ముడుస్తూ చెబుతోంది, తన భర్త, కొడుకులు, కోడళ్ళు, మనవలు, పదిహేను రోజుల కిందట పుట్టి ఇంకా బారసాల కాని మనవరాలు. దాన్ని చంటిది అని చెప్పిందట.

"పేరు పెట్టని పిల్ల ఉంది, చచ్చిపోయిన నేనున్నాను. మధ్యలో నువ్వేమైపోయావే?"

రత్నం తన పేరు ఎన్నడూ చెప్పుకున్నది కాదు. అందరి పేర్లూ తను చెప్పడం, చివర్న మాణిక్యమ్మ పూజారిని ఆపి, మా శేషారత్నాన్ని మరిచిపోయింది చూడండి, అని కలపడం, ముప్ఫై ఎనిమిదేళ్ళూ అలాగే జరిగింది. ఏడాదిన్నరగా ఏ దేవుడి ముందూ ఆ పేరు పలికినవాళ్ళు లేరన్న సంగతి ఇప్పుడే తెలిసినట్టు ఆమె డాబా అంతా చూస్తోంది. తన పేరు తనే చెప్పుకుంటే ఏం బాగుంటుందని గొణుగుతోంది.

"చెప్పేదాన్ని నేనొక్కదాన్నే. నేను లేను. ఇక నువ్వే చెప్పుకోవాలి," అంటూ మాణిక్యమ్మ చీర కొంగు దులుపుకుని లేస్తోంది. "ఏదీ, అను."

రత్నం అనబోతోంది, నోట్లోంచి భర్త పేరు వస్తోంది, పెద్దకొడుకు పేరు వస్తోంది, చంటిది అని వస్తోంది, మాణిక్యమ్మ తొందరేం లేదన్నట్టు నిలబడి వింటోంది, ఆ ముఖంలో ఎంత శాంతముందో చూస్తూంటే రత్నం భయమంతా తీరిపోయింది. డాబా మెల్లగా ఊగుతోంది, వడియాలు కదులుతున్నాయి, ఎవరో భుజం తడుతున్నారు.

బస్సు ఆగి ఉంది. అమరావతి నుంచి పక్క సీట్లో కూర్చుని, తన కొబ్బరిచిప్పలు కూడా రత్నం సంచిలోనే వేసిన ఆవిడ వంగి చూస్తోంది.

"సామర్లకోట వచ్చింది, లేవండి పిన్నిగారూ. పొద్దుట్నుంచి పక్కనే ఉన్నాం, మీ పేరేంటో అడగనేలేదు."

అలవాటు చొప్పున ఫలానా వారి భార్యనని చెప్పడానికి భర్త పేరు నాలిక చివరిదాకా వచ్చింది. రత్నం దాన్ని అక్కడే ఆపుకుంది.

"శేషారత్నం," అని చెప్పింది, ముందు సీట్లవాళ్ళు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా.