చేత్తో తిప్పగలిగినంత

పుస్తకమైతే విసుక్కోదు కదా. తప్పు చేస్తే మొహం చిట్లించదు, చేతిలోంచి స్పానర్ లాక్కోదు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట, అదే వరస. అందుకేనా తను పాత పుస్తకాల కొట్లన్నీ గాలించింది? కాదు, నాగలి కోసమే, అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు తమ్ముడు, షెడ్డులో ట్రాక్టర్ వెనక గొంతుక్కూర్చుని. నాగలి కోసం, అన్నయ్యను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక. ఈ రెండో ముక్క మాత్రం మనసులో ఎక్కడా ఆనకుండా తేలిపోయింది.

వాళ్ళకున్నది ఒక్క ట్రాక్టర్, దాంతో కిరాయికి పొలాలు దున్నుతారు. దాన్ని నడపడం తమ్ముడి పని, నడిచేలా ఉంచడం అన్నయ్య పని. పక్షవాతం వచ్చి అన్నయ్యకు కుడిచెయ్యీ మాటా పడిపోయాక రెండు పనులూ తమ్ముడి నెత్తిన పడ్డాయి. అప్పటినుంచీ నాగలి మాట వినడం లేదు. ఒకచోట లోతుగా దిగుతుంది, పక్కనే పైకి లేస్తుంది. నిన్న ఒక రైతు గట్టు మీద నిలబడి చూసి, "దున్నావా బాబూ, అలలు గీశావా? సముద్రం కావాలని నేనడగలేదే" అన్నాడు. రేపు ఆ పొలం సరిచేసి ఇవ్వాలి. లేకపోతే ఆయన ఇంకో ట్రాక్టర్ని పిలుచుకుంటాడు, ఆయన్ని చూసి మిగతావాళ్ళూ.

సర్వీస్ మాన్యువల్ ధర విని డీలరు కౌంటర్ ముందు నోరు వెళ్ళబెట్టాడు. పాత పుస్తకాల కొట్టువాడే ఆదుకున్నాడు. "కొత్తది కొంటే ట్రాక్టర్ అలుగుతుందండీ, నాకంటే పుస్తకమే ఎక్కువైందా అని. ఇది పట్టుకెళ్ళండి. అట్ట లేదు, అంతే. అట్ట చదువుతారా ఏంటి?"

ఆ పుస్తకం ఇప్పుడు టైరు మీద తెరిచి ఉంది. నాగలిని పైనుంచి పట్టి ఉంచే కడ్డీకి ట్రాక్టర్ వైపున ఒక లావుపాటి స్ప్రింగు. నేల ఎంత బలంగా లాగుతోందో నాగలిని ఎత్తీ దించే లిఫ్టుకు తెలిసేది దాని వల్లే. పుస్తకం చెప్పినట్టే విప్పాడు, తుడిచాడు, బిగించాడు. చివరి వాక్యం దగ్గర ఆగిపోయాడు. స్ప్రింగు ముందుకూ వెనక్కూ కదలకూడదు, కాని చేత్తో తిప్పితే తిరగాలి.

ఎవరి చేత్తో?

గట్టిగా బిగబట్టి తిప్పితే తిరుగుతోంది, మామూలుగా పట్టుకుంటే తిరగడం లేదు. అన్నయ్య అయితే ఒక్కసారి పట్టుకుని వదిలేసేవాడు. "కాదు" అనేవాడు. నట్టు సర్ది మళ్ళీ పట్టుకుని, సరిపోతే ఊరుకునేవాడు. ఆయన ఊరుకున్నాడంటే అదే మెప్పు. చిన్నప్పటినుంచీ తమ్ముడు ఆ "కాదు" కిందే పెరిగాడు. అలా కాదు, అది కాదు, నీ వల్ల కాదు. జబ్బు ఎంత వెటకారపుదో, మాటలన్నీ ఊడ్చుకుపోయి ఆ ఒక్కదాన్నే వదిలిపెట్టింది. ఇప్పుడు మంచినీళ్ళు కావాలన్నా "కాదు", చాలన్నా "కాదు". వదిన పొగిడితే, నవ్వుతూ, "కాదు".

ఆ మాట వినాల్సి వస్తుందనే, అన్నయ్య మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసి తను షెడ్డుకొస్తున్నాడు. అది జాలి కాదు. ఇకనుంచి దిద్దేవాడు లేడన్న తేలిక తన దుఃఖంలోనే ఎక్కడో నక్కి ఉంది. దాన్ని బయటికి రానివ్వడానికి భయం.

అడుగుల చప్పుడైంది. తలుపు దగ్గర వదిన, ఆమె భుజం పట్టుకుని అన్నయ్య.

"ఏం మరిదీ, పుస్తకం ముందేసుకుని పరీక్ష రాస్తున్నావా? నీ స్పానర్ చప్పుడు వినపడితే ఈయనకు పరుపు ముళ్ళకంపే."

"ఎందుకు తీసుకొచ్చావు వదినా, అలిసిపోడూ?"

"నేను తీసుకురావడమా? నన్నే లాక్కొచ్చారు. ఒంటిచేత్తోనే ఇంత బలం!"

అన్నయ్య బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. స్ప్రింగు వైపు చూశాడు. "కాదు."

తమ్ముడు పుస్తకం వైపు వేలు చూపించాడు. "ఏం కాదు? పుస్తకంలో ఉన్నట్టే చేశాను."

"కాదు." ఈసారి మెల్లగా.

"ఆయన మాట పట్టుకోకు. అది ఎటు బయల్దేరినా ఆ ఒక్క గుమ్మంలోకే చేరుతుంది" అంది వదిన. "మొహం చూడు."

చూశాడు. దిద్దించుకునేటప్పుడు ఎప్పుడూ నేలచూపులే తప్ప ఆ మొహం చూసిన గుర్తు లేదు. విసుగేమీ లేదక్కడ. బెదురు ఉంది. పని తెలిసిన కుడిచెయ్యి ఒళ్ళో చచ్చుబడి ఉంది. ఎడమచేతి వేళ్ళు గాలిలో దేన్నో తిప్పబోయి, ఎంత తిప్పాలో తెలియక ఆగిపోతున్నాయి. అది ఏనాడూ ఆ పని చెయ్యని చెయ్యి. తమ్ముడి చెయ్యిలాగే.

"అన్నయ్యా, నాకు తెలియడం లేదు" అన్నాడు.

నూనె మరకల వేళ్ళతోనే ఆ ఎడమచేతిని అందుకుని, తెచ్చి స్ప్రింగు మీద ఆనించాడు.